ఆటోనగర్ పిల్లులు సంచుల్లో ఎత్తి పారేస్తే తగ్గవు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో పిల్లుల బెడద మితిమీరిందనీ, వాటిని పట్టించి ఊరికి దూరంగా వదిలించాలనీ కోరుతూ ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక లేఖ వచ్చింది. పిల్లులు ఉండబట్టే మన షెడ్లలో ఎలుకలు అదుపులో ఉన్నాయనీ, వాటి జోలికి పోవద్దనీ ఆ తరువాత ఇంకొకరు జవాబు రాశారు. ఇద్దరూ చీకటి పడగానే ఇంటికి వెళ్ళిపోయేవారని రాసిన తీరులోనే తెలుస్తోంది. నేను ఇక్కడ ఒక లారీ కాటా దగ్గర రాత్రి గుమాస్తాను. లోడు బండికీ లోడు బండికీ మధ్య చేసే పని ఉండదు. గదికి మూడు వైపులా అద్దాలు, బయట పెద్ద దీపం. చూడకుండా ఉందామన్నా పిల్లులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఇద్దరి వాదనల్లో ఏదీ తూకానికి నిలవదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదట, ఆటోనగర్ అంతటా పిల్లులు ఉన్నాయన్నది నిజం కాదు. రేడియేటర్లు అతికేవాళ్ళ వీధిలో, బ్యాటరీల వీధిలో రాత్రంతా తిరిగినా ఒకటో రెండో కనిపిస్తాయి. మెస్సుల వెనక సందులోకి, కోడిమాంసం దుకాణాల వెనక మురుగుకాలువ దగ్గరకు వెళ్ళి టార్చి వేస్తే కళ్ళే కళ్ళు. పిల్లి ఒంటరి జంతువని చిన్నప్పుడు చదువుకున్నాం. తిండి చెదురుమదురుగా ఉన్నచోట అది నిజమే. ఒకే చోట కుప్పగా, రోజూ తప్పకుండా పడే చోట అవి గుంపు కడతాయి. ఆ గుంపులో ఎక్కువగా ఉండేది ఆడవాళ్ళే: తల్లి, కూతుళ్ళు, పిన్ని, మనవరాలు. ఒకదాని పిల్లలకు ఇంకొకటి పాలివ్వడం మా కాటా వెనక పడి ఉన్న పాత లారీ క్యాబిన్‌లో నేను చూస్తూనే ఉన్నాను. కొత్త ఆడపిల్లి ఎక్కడినుంచో వస్తే మాత్రం అందరూ కలిసి తరిమేస్తారు. గండుపిల్లుల సంగతి వేరు. బుగ్గలు ఉబ్బి, చెవులు చీలి, ఒళ్ళంతా పాత గాయాల గుర్తులతో అవి ఈ గుంపు నుంచి ఆ గుంపుకు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి.

ఇది మన ఊరి విచిత్రం కాదు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మౌత్ అనే రేవు పట్టణంలో చుట్టూ గోడ ఉన్న నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. షెడ్లు, క్రేన్లు, క్యాంటీన్లు, చెత్తకుండీలతో అదీ ఒక ఆటోనగరే. 1970లలో జేన్ డార్డ్స్ అనే పరిశోధకురాలు అక్కడి ఎవరివీ కాని పిల్లులను ఏళ్ళ తరబడి గమనించారు. అక్కడా బంధువులైన ఆడపిల్లుల గుంపులే కనిపించాయి. ఒక ఆడపిల్లి తిరిగే మేర సగటున రెండెకరాలు. ఎదిగిన గండుపిల్లిది దానికి పదింతలు. ఈ రెండెకరాల లెక్క గుర్తుంచుకోవాలి. మెస్సు వెనక చెత్తకుండీ సరిచేస్తే ఏ పిల్లుల సంఖ్య తగ్గుతుందో, ఎక్కడ తగ్గుతుందో ముందే చెప్పడానికి అది పనికొస్తుంది.

కుక్కల మధ్య ఇన్ని పిల్లులు ఎలా బతుకుతున్నాయని కొత్తగా వచ్చిన క్లీనర్లు అడుగుతారు. తల పైకెత్తి చూడమంటాను. నేల కుక్కలది, పైభాగం పిల్లులది. లారీ టాపుల మీద, తాటిపత్రి మడతల మీద, రేకుల కప్పుల మీద, గోడల మీద వాటికి వేరే దారులు ఉన్నాయి. వరుసగా నిలిపిన బండ్ల పైనుంచి సందు ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా నేల తాకకుండా పోగలవు. ఏదైనా బండి కదిలి వెళ్ళిపోతే మాత్రం ఆ దారి తెగుతుంది. అప్పుడు కాసేపు ఖాళీ వైపు చూస్తూ కూర్చుని, కుక్కలు పడుకున్నాయని నిర్ధారించుకున్నాకే దిగుతాయి. రోహిణి కార్తెలో రేకులు పెనంలా కాలిపోయి ఉంటాయి కాబట్టి పగలు ఛాసిస్‌ల కిందకు, గ్రీజు గుంటల్లోకి చేరతాయి. చలికాలం తెల్లవారుజామున అప్పుడే వచ్చి ఆగిన బండి ఇంజను మీదకు ఎక్కుతాయి. కైకలూరు చేపల లోడు దింపి మరమ్మతుకు వచ్చిన బండి గేటు దాటిందంటే మా కాటా మీదకు రాకముందే పిల్లులకు కబురు అందుతుంది. ఐసు నీళ్ళు కారిన చారికను నాకుతూ బండి వెంట వరుసగా వస్తాయి. ఆ చారిక మీద డీజిలు కలిసిందా, ఆయిలు కలిసిందా అన్న విచారం వాటికి ఉండదు.

లారీ డ్రైవర్లకు పిల్లి ఎదురైతే బండి ఆపి మంచినీళ్ళు తాగి కదిలే అలవాటు ఉంది. ఆటోనగర్‌లో ఆ నియమం పాటిస్తే తెల్లారేసరికి గేటు కూడా దాటలేరని వాళ్ళే నవ్వుకుంటారు.

సంక్రాంతి మూడు రోజులూ మెస్సులు మూసేస్తారు. ఆ రోజుల్లో పిల్లుల వేళలు మారిపోతాయి. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర తరువాత, గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోసే వేళకు వచ్చేవి పండుగ రోజుల్లో పట్టపగలే బయటికి వస్తాయి. తొండలు, బల్లులు, ఉడుతలు, పావురం పిల్లలు, ఏది దొరికితే అది తింటాయి. అక్కడి చెట్ల మీద గోరింకలు ఆ మూడు రోజులు చేసే గోల వినాలి. పిల్లులను దేవతలుగా చిత్రించిన రెండవ లేఖకుడు ఆ గోల కూడా విని ఉంటే బాగుండేది.

పిల్లల సంగతికి వస్తాను. సంక్రాంతి తరువాత పగలు పెరుగుతున్న కొద్దీ ఆడపిల్లుల పిలుపులు ఎక్కువవుతాయి. మన వేడికి ఈ కాలం అంత కచ్చితంగా ఉండదు, ఇంచుమించు ఏడాది పొడవునా ఈనుతూనే ఉంటాయి. చూలు తొమ్మిది వారాలు, ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు. ఆరు నెలల వయసుకే ఆడపిల్లి తల్లి కాగలదు. కాగితం మీద ఇలా గుణించుకుంటూ పోయి వేలల్లో సంఖ్యలు రాసి భయపెట్టేవారు ఉన్నారు. ఆ లెక్కలో చావులు ఉండవు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఇలాంటి గుంపుల్లో పుట్టిన 169 పిల్లలను గమనిస్తే, నాలుగింట మూడొంతులు ఆరు నెలలు నిండకముందే చనిపోయాయి లేదా కనిపించకుండా పోయాయి. 2004లో వచ్చిన పరిశోధన అది. ఇక్కడ నేను చూసేదీ అంతే. ఫ్యాను బెల్టు, వెనక చక్రం, కుక్క, ముక్కు కారే జబ్బు. పొద్దున ఊడ్చేవాళ్ళు ఒక అట్టముక్కతో తీసి పక్కన వేస్తారు. పిల్లులు తగ్గాలని నేనూ కోరుకుంటున్నానంటే ఆ అట్టముక్కలే కారణం.

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆటోనగర్‌లో ఆ ఇళ్ళకు చక్రాలు ఉన్నాయి. తల్లి ఒక బండి సీటు వెనక, స్పేరు టైరు మధ్యలో, గోనెసంచుల కట్ట సందులో పిల్లలను దాచి తిండికి వెళుతుంది. తిరిగి వచ్చేసరికి ఆ బండి చిలకలూరిపేట దాటి ఉంటుంది. అలాగే ఎక్కడి పిల్లులో ఇక్కడికి వస్తాయి. కాటా మీద బండి నిలవగానే కింద నుంచి దూకి, నాలుగు దిక్కులూ చూసి, ఇది ఏ ఊరో తెలియక నిలబడిపోయిన పిల్లులను ఎన్నిటినో చూశాను. మా కాటాకు పది కిలోల లోపు తేడా తెలియదు. అందుకని ఏ చీటీలోనూ వాటి రాక నమోదు కాలేదు. గోడలు కట్టి, గేట్లు మూసి పిల్లులను ఆపుదామనుకునేవారు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు ఎలుకల మాట. పిల్లులుంటే ఎలుకలు ఉండవన్నది మన తాతల నాటి నమ్మకం. ఎలుకపిల్లల విషయంలో అది నిజమే. కానీ ఆటోనగర్‌ను తింటున్నది పందికొక్కు. వైర్లు కొరికేది, సిమెంటు గచ్చు కింద బొరియలు తవ్వి గోడలు కుంగదీసేది, సీటు స్పాంజి చీల్చేది అదే. చచ్చిపడి ఉన్న ఒక పందికొక్కును పక్కనే ఉన్న పాత ఇనుము కొట్టు తరాజులో వేయించాను. ముప్పాతిక కిలో దాటింది. ఇక్కడి ఆడపిల్లి బరువు రెండున్నర, మూడు కిలోలు. చికెన్ తోలు ఉచితంగా దొరికే చోట ఆ పిల్లి అంత బరువున్న, పళ్ళున్న, ఎదురు తిరిగే జంతువు మీద ఎందుకు పడుతుంది? ఒకే చెత్తకుండీకి పిల్లి ఒక వైపు, పందికొక్కు ఇంకొక వైపు కూర్చుని తినడం మా దగ్గర రోజూ చూసేదే. దగ్గరకు వస్తే పిల్లే నాలుగడుగులు వెనక్కి వేస్తుంది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త శుద్ధి కేంద్రంలో దీన్ని కెమెరాలు పెట్టి చూశారు. ఎలుకలకు చిప్పులు అమర్చి పరిశీలిస్తుండగా పిల్లులు వచ్చి చేరాయి. సరే, వాటినీ చూద్దామనుకున్నారు. 79 రోజుల చిత్రీకరణలో పిల్లి ఎలుకను మాటువేసి వెంబడించింది 20 సార్లు, చంపింది రెండే. ఫలితాలు 2018లో వచ్చాయి. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. పిల్లులు ఎక్కువ తిరిగిన రోజుల్లో ఎలుకలు బయటికి రాకుండా దాక్కున్నాయి. అంటే మనిషికి కనిపించడం తగ్గింది. మన షెడ్ల యజమానులు ఎలుకలు అదుపులో ఉన్నాయని సంతోషిస్తున్నది కూడా దీనికే అని నా అనుమానం. బాల్టిమోర్ నగర సందుల్లో 1980లలో చేసిన పరిశీలనలోనూ పిల్లులు చంపినవి ఎక్కువగా ఎదగని చిన్న ఎలుకలే. పెద్దవి పిల్లలను కంటూనే ఉంటాయి కదా.

కాబట్టి రెండవ లేఖకుడి మాట అక్కడితో సరి. మొదటి లేఖకుడి సలహా అంతకంటే ప్రమాదం. ఎందుకంటే దాన్ని అప్పుడే కొందరు అమలు చేశారు. ఒక సంస్థ వారు మనుషులను పెట్టి, ఎండుచేప ఎర చూపి పిల్లులను గోనెసంచుల్లో పట్టి, బందరు కాలువ గట్టు మీద వదిలి వచ్చారు. సంచుల్లో పడింది ఎవరు? ఎవరైనా పిలిస్తే వచ్చే సాధుపిల్లులు, పాలిచ్చే తల్లులు, ఆకలితో ఉన్న కూనలు. మనిషి నీడ చూస్తేనే రేకుల మీదకు ఎగిరే ముదురు పిల్లులు ఒక్కటీ దొరకలేదు. ఆ సందులో నెలలు తిరగకముందే ఖాళీ నిండింది. తిండి అలాగే ఉంది, చోటు ఖాళీ అయింది, ఇదివరకు తరిమే ఆడపిల్లులు లేవు. పక్క వీధుల కుర్రపిల్లులు వచ్చి కూర్చున్నాయి. ఆస్ట్రేలియాలో టాస్మేనియా అడవుల్లో ఇలాగే అరకొరగా పిల్లులను పట్టి తీసేసినప్పుడు, తీసేసిన చోట్ల అవి తగ్గకపోగా పెరిగాయని 2014లో తేలింది. అక్కడ చేసినవారు శిక్షణ పొందినవారు. మనవాళ్ళ దగ్గర ఉన్నవి గోనెసంచులు.

వదిలిన చోట జరిగేది ఎవరూ అడగడం లేదు. కాలువ గట్టు ఎందుకు, దివిసీమ వైపు పోయే ఖాళీ బండ్లలో పంపేస్తే ఇక తిరిగి రావని ఒక పెద్దమనిషి మా కాటా గదిలోనే కూర్చుని సలహా ఇచ్చారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ మడ అడవుల్లో, చెరువుల వెంట బావురుపిల్లులు ఉన్నాయి. నీళ్ళలో దూకి చేపలు పట్టే అసలు సిసలు అడవి జంతువు అది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి, దాన్ని కాపాడటానికి మన ప్రభుత్వం కృష్ణా అభయారణ్యంలో పాట్లు పడుతోంది. ఊరపిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి ఉంటుంది. కూనలు ఒకదాని వెంట ఒకటి వాంతులు, విరేచనాలతో పోతుంటే చాలాసార్లు అదే. పిల్లి జాతి మొత్తానికీ సోకుతుంది. దాని క్రిమి నేల మీద నెలల తరబడి చావదు. కొల్లేరు వైపు వదిలితే నేల మీద గుడ్లు పెట్టే తీతువు వంటి పక్షుల గతి ఏమిటి? మన చెత్తకుండీ సమస్యను సంచిలో మూటగట్టి అడవికి పంపడం ఏ న్యాయమో ఆ పెద్దమనిషి చెప్పాలి. ఆకలితో, దాహంతో అలమటించే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇంకొందరు విషం మార్గం పట్టారు. పందికొక్కులకని బ్రోమడయోలోన్ బిళ్ళలు గోడ వారగా చల్లుతున్నారు. అది తిన్న ఎలుక వెంటనే చావదు. రోజుల తరబడి తూలుతూ తిరుగుతుంది, అప్పుడు పిల్లికి సులువుగా దొరుకుతుంది. లోపల రక్తస్రావమై పిల్లీ పోతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. మందు పెట్టక తప్పదంటే మూత ఉన్న పెట్టెల్లో పెట్టవచ్చు, చచ్చిన వాటిని పొద్దున్నే ఏరి పాతిపెట్టవచ్చు. కావాలనే పిల్లులకు అన్నంలో విషం కలిపినవారు కూడా ఉన్నారు. వారికి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ చదివి వినిపించాలి. జంతువును చంపినా, అవిటి చేసినా ఐదేళ్ళ దాకా జైలు ఉంది.

ఎవరూ పెట్టని విషం ఇంకొకటి ఉంది. రేడియేటర్ నుంచి కారిన కూలెంట్. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ ఒక చెంచాడు చాలు, మూడు కిలోల పిల్లి మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. కుక్క దాన్ని తియ్యగా ఉందని తాగుతుంది. పిల్లి నాలుకకు తీపి తెలియదు. కానీ అది పంజా తడిస్తే నాకి శుభ్రం చేసుకునే జంతువు, పైగా మే నెలలో ఇక్కడ మంచినీళ్ళు ఎక్కడ ఉన్నాయి? కారిన చోట ఒక దోసెడు రంపపు పొట్టు చల్లి ఎత్తేయడానికి మేస్త్రీలకు నిమిషం పట్టదు. బాడీ బిల్డింగ్ షెడ్లలో పొట్టుకు కరువా?

పిల్లులకు తిండి పెట్టే దయగలవారితో కూడా ఒక మాట. పాలు పోయకండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రి పూట అన్నం కుప్పలు పోసి వెళ్ళిపోతే తినేది ముందు పందికొక్కు. పగటి వెలుతురులో, ఒకే చోట, తిన్నంత పెట్టి మిగిలింది ఎత్తేయండి. రోజూ ఒకే చోట ఒకే వేళకు తినే పిల్లిని పట్టడం కూడా తేలిక. నేను అడుగుతున్నది అందుకే.

పట్టిన పిల్లికి సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి వదలాలి. ఆ పిల్లి తన చోటు తానే కాపాడుకుంటుంది, కొత్తవాటిని అంత తేలిగ్గా రానివ్వదు, పిల్లలను కనదు. అక్కడొకటి ఇక్కడొకటి చేస్తే మాత్రం డబ్బు దండగ. ఒక గుంపును పట్టుకుంటే అందులో నాలుగింట మూడొంతుల పిల్లులకు తక్కువ సమయంలో పూర్తి చేయాలి. లారీల్లో వచ్చే కొత్తవాటిని కూడా చూసుకుంటూ ఉండాలి. ఇది ఒక ఏడాదిలో తేలే పని కాదు. రేబిస్ మాటను తేలికగా తీసుకోవద్దు. పిల్లి రక్కినా, కరిచినా పసుపు అద్ది ఊరుకునే క్లీనర్లను చూస్తున్నాను. సబ్బుతో ధారగా పారే నీటి కింద పావుగంట కడిగి, అదే రోజు టీకాకు పోవాలి.

నగరపాలక సంస్థ చేయవలసింది ఇంకా చిన్నది. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు ప్రస్తుతం తెల్లారాక ఎత్తుతున్నారు. దుకాణం మూసిన వెంటనే, రాత్రి పదిలోపు ఎత్తించాలి. మెస్సుల వెనక కుండీలకు మూతలు ఉండాలి. మూతలు ఇదివరకు ఇచ్చారు, కాదనను. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియాలంటే పాత ఇనుము కొట్లలో వెతకాలి. ఈసారి గొలుసుతో కుండీకి బిగించి ఇవ్వండి. వ్యర్థాలు ఒక్కసారిగా ఆపేసి పిల్లులను మాడ్చమని కాదు. ఆపరేషన్లతో పాటే తిండి తగ్గుతూ రావాలి. ఈ రెండూ కలిస్తే పందికొక్కులు కూడా తగ్గుతాయి. పిల్లి చేయలేని పని మూత చేస్తుంది.

డ్రైవర్లు, క్లీనర్లు బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, ఛాసిస్ కింద ఒకసారి టార్చి వేయండి. ఫ్యాను బెల్టుకు చిక్కిన పిల్లిని తీయడానికి పట్టే సమయం కంటే అది తక్కువ.

కోడిమాంసం వీధి వెనక గుంపులో ఏ పిల్లి ఏ వేళకు ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు. పట్టే బోన్లు రెండు, మూడు ఎవరైనా ఇప్పిస్తే రాత్రి నేను పెట్టి కాపలా కాస్తాను. డ్యూటీ దిగాక పశువైద్యశాల తెరిచే వేళకు నా ఖర్చుతోనే ఆటోలో తీసుకువెళతాను. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు ఉంచడానికి గాలి ఆడే గది ఒకటి కావాలి. మా కాటా గదిలో అంత చోటు లేదు. షెడ్డు ఉన్న యజమానులు ఎవరైనా ముందుకు వస్తే, ఆటోనగర్‌లో రాత్రి తెరిచి ఉండే కాటాలు ఎన్నో లేవు, నన్ను వెతకడం కష్టం కాదు.

ఇట్లు,
ఒక కాటా గుమాస్తా,
ఆటోనగర్, విజయవాడ.